మంచుపేల చుట్టాలు

ఏప్రిల్ 13, 1958, ఆదివారం

గడ్డకట్టిన నది ఇంకా కదల్లేదు. మంచు మధ్యలో ఒక నల్ల గీత పడింది, అంతే. ఎల్జేయార్ బాబాయి రోజూ గట్టుదాకా వెళ్లి చూసి వచ్చి "రేపు" అంటాడు. వారం నుంచి అదే మాట. వారం నుంచి వాన కూడా ఆగలేదు.

చర్చిలో పూజ నుంచి వచ్చి సాయంత్రం దాకా చదువుకున్నాను. ఎవరూ రాలేదు. "ఎర్మాన్స్, ఎందుకమ్మా ఎప్పుడూ అలా మౌనంగా ఉంటావు" అని ఎవరూ అడగలేదు. రొసిల్డా పిన్ని పొయ్యి మీద బఠాణీ సూప్ పెట్టింది. ఇంతకంటే ఏం కావాలి.

ఏప్రిల్ 14, సోమవారం

సోమవారం, ఉతుకుడు రోజు కాబట్టి దెలీమా వచ్చింది. వెనక రోడ్డు నుంచి రెండు మైళ్లు నడిచి, ఆరున్నరకల్లా ఉతుకుగది తలుపు మోకాలితో తోసి, "బతికే ఉన్నారా అందరూ?" అంటుంది. చేతిలో బుట్ట. దాన్ని నేనే అందుకుని లోపల పెడతాను.

నేను పనిచేసే లైబ్రరీ తెరిచేది మధ్యాహ్నం. పొద్దుటంతా ఆమె దగ్గరే కూర్చుని, ఆమె బట్టలు పిండుతుంటే నేను చదువుతున్న నవల కథ చెబుతాను. కాన్వెంటులో పదేళ్లలో మాట్లాడినన్ని మాటలు ఈ ఉతుకుగదిలో రెండు చలికాలాల్లో మాట్లాడి ఉంటాను.

"ఆవిడ ఇంకా కిటికీ దగ్గరే నిలబడి ఉందా?" అంది ఇవాళ.

"ఉత్తరం కోసం చూస్తోంది."

"మూడు సోమవారాలైంది. మరి గిన్నెలు ఎవరు తోముతున్నారు?"

"పనివాళ్లున్నారు."

"అదీ సంగతి. ఆ పనివాళ్ల కథ రాయకపోయాడా? వాళ్లకి కిటికీ దగ్గర నిలబడే తీరిక ఉండదు. కథ చకచకా నడిచేది."

సింకు అంచున బూడిద రాలినట్టు ఏవో నలుసులు కనిపించాయి. తుడవబోతే లేవు.

ఏప్రిల్ 15, మంగళవారం

"ఎగిరింది! నా కళ్లతో చూశాను, ఎగిరింది!" అని ఉతుకుగదిలోంచి పిన్ని కేక. బాబాయి సగం గడ్డం నురగతోనే పరిగెత్తాడు.

"ఎగిరిందంటే కుక్కపేనే," అన్నాడు.

"మన ఇంట్లో కుక్క ఏదండీ?"

"మనకి లేకపోతే ఎవరికుందో చూడు."

ఇద్దరూ ఒక్కసారే ఆగారు. దెలీమా మొగుడికి మూడు వేటకుక్కలున్నాయి. పిన్ని నా వైపు తిరిగింది. "ఏమే, నిన్న దాని బుట్ట నువ్వేగా లోపల పెట్టావు? బుట్ట మీద ఏమైనా కనిపించాయా?"

నేను అవునన్నట్టు తల ఊపాను.

తల ఊపడం వేరు, మాట్లాడటం వేరు. బుట్ట మీద ఏదో ఉన్నట్టే గుర్తు. మసి కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. పిన్ని అంత గట్టిగా అడిగినప్పుడు ఏదో ఒకటి చెయ్యాలి కదా.

ఏప్రిల్ 17, గురువారం

గురువారం దెలీమా రొట్టెలు కాల్చే రోజు. రాలేదు. ఇక రావద్దని బాబాయితో పిన్ని నిన్న కబురు చేసిందట.

పిన్నే రొట్టె చేసింది. ముగ్గురం తిన్నాం. రొట్టె గురించి ఎవరం ఏమీ అనలేదు.

దెలీమాకి పనిచేసుకోడానికి వేరే ఇళ్లు ఉన్నాయి. మాది ఒక్కటే కాదు.

ఏప్రిల్ 20, ఆదివారం

పూజ తర్వాత గుడి మెట్ల మీద నలుగురు చేరి మళ్లీ బాబాయి పొట్టుకట్ట గురించే. ఈ ఊళ్లో అందరూ అక్టోబరులో చలికి అడ్డంగా పునాది చుట్టూ పలకలు నిలబెట్టి రంపపు పొట్టు కూరుతారు. బాబాయి పనిచేసేది రంపం మిల్లులో కాబట్టి ఆయన కట్ట నడుమెత్తు ఉంటుంది, పైన దేవదారు కొమ్మలు జడ అల్లినట్టు పేర్చి ఉంటాయి. "ఎల్జేయార్ ఇంట్లో జనవరిలో కూడా చొక్కాతో తిరగొచ్చు," అన్నాడు ఎవరో. బాబాయి ఏమీ ఎరగనట్టు ఆకాశం వైపు చూశాడు.

మిగతావాళ్లు అప్పుడే కట్టలు విప్పడం మొదలుపెట్టారు. బాబాయి మాత్రం మే నెల మధ్యలో వచ్చే మోక్షారోహణ పండగ దాటితేగాని పార ముట్టడు. ఆయన చిన్నప్పుడు వాళ్ల నాన్న ఓసారి తొందరపడి తీస్తే, మే నెల చలికి నీళ్ల గొట్టాలన్నీ పగిలాయట.

ఏప్రిల్ 21, సోమవారం

బట్టలు పిన్నే ఉతికింది. తర్వాత నేల, గోడలు, గోడలకీ నేలకీ మధ్య చెక్కపట్టీలు, కుర్చీల కాళ్లు. బకెట్ల కొద్దీ వేణ్ణీళ్లు. "దాని కుక్కల దరిద్రం కడిగేస్తాను," అంటోంది. అది పొద్దుట. సాయంత్రం బాబాయి పంపుతో మందు కొట్టాడు. రాత్రి సూప్‌కి కూడా అదే వాసన.

బాబాయి మెడ గోక్కుంటున్నాడు. పిన్ని మోచేతులు గోక్కుంటోంది. వాళ్లని చూసి నేనూ. ఒంటి మీద ఎక్కడా దద్దురు లేదు, అయినా గోక్కున్నాను.

నా గది తుడవలేదు. తుడిచానని చెప్పాను. చదవాల్సిన పేజీలు నలభై మిగిలాయి.

ఇవాళ కథ ఎవరికీ చెప్పలేదు. ఆవిడకి ఉత్తరం వచ్చింది.

ఏప్రిల్ 24, గురువారం

పురుగులు ఎక్కువయ్యాయి.

ఏప్రిల్ 26, శనివారం

ఉత్తరాల కోసం పోస్టాఫీసుకి వెళ్లాను. కౌంటరు వెనక మదామ్ దెషెన్, ముందు ఐదారుగురు ఆడవాళ్లు. మదామ్ దెషెన్ ఉత్తరం ఎప్పుడూ ఊరికే ఇవ్వదు. ఏదో ఒకటి చెప్పి ఇస్తుంది, లేదా ఏదో ఒకటి రాబట్టుకుని ఇస్తుంది.

"మీ ఇంట్లోనే కదూ బయటపడింది! నేనూ దెలీమాని మానిపించేశాను. ఫాదర్‌గారి బంగళాలో కూడా వద్దన్నారట. చెప్పొద్దూ, నాకు ముందునుంచీ అనుమానమే."

"నీకెందుకు అనుమానం వచ్చింది?" అంది ఇంకొకామె.

"ఇప్పుడు వచ్చింది, ముందునుంచీ ఉందని ఇప్పుడు తెలిసింది. పోనీ, కళ్లతో చూసిన పిల్ల ఇక్కడే ఉందిగా. నువ్వే చూశావట కదమ్మా, బుట్ట నిండా?"

నేను తపాలా బిళ్ల మీది బొమ్మ చూస్తూ నిలబడ్డాను. ఉత్తరాలు తీసుకుని వచ్చేశాను.

బుట్ట నిండా అని నేను అనలేదు. నేను ఏమీ అనలేదు.

ఏప్రిల్ 27, ఆదివారం

నది కదిలింది!

పూజ మధ్యలో చప్పుడు మొదలైంది, వంతెన కింద ఎవరో బీరువాలు ఈడుస్తున్నట్టు. ఫాదర్ ప్రసంగం కుదించారు. బయటికొచ్చేసరికి గడ్డలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి నిలబడి, నీలంగా మెరిసి, ఒరిగి, పోతున్నాయి. ఊరంతా గట్టు మీదే. "చెప్పానా, రేపని!" అని బాబాయి అందరి వీపులూ చరిచాడు. పిన్ని కోటు జేబులోంచి చక్కెర బిళ్లలు తీసి పంచింది. నేను గట్టిగా నవ్వాను. నా నవ్వు నాకే వినిపించింది.

కింద వైపు దెలీమా నిలబడి ఉంది, మొగుడితో, కుక్కలతో. గట్టు మీద ఇసుక వేస్తే రాలనంత జనం. వాళ్ల చుట్టూ మాత్రం ఒక గది పట్టేంత ఖాళీ.

ఆమె నా వైపు చూసిందో లేదో తెలియదు. నేను పిన్ని చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. నాకు ఇరవై రెండేళ్లు.

ఏప్రిల్ 29, మంగళవారం

బుట్ట మీద ఏమీ లేదు.

ఇక్కడైనా రాసుకోవాలి. దాని మీద ఇస్త్రీ చేసిన తెల్ల గుడ్డ కప్పి ఉంది. దాని మీద ఆవగింజ ఉన్నా కనిపించేది. నేను చూశాను, ఏమీ లేదు, అయినా తల ఊపాను. పిన్ని నా ముఖం లోకి చూడటం ఆపాలని ఊపాను.

అది రాశాక ఉతుకుగదిలోకి వెళ్లాను. కాన్వెంటులో నాచు చూడటం నేర్పినప్పుడు సిస్టర్ ఆన్సెల్మ్ ఇచ్చిన భూతద్దం ఉంది. చిన్న కుంచె నీళ్లలో ముంచి సింకు అంచున తాకిస్తే రెండు అంటుకున్నాయి.

కుక్కపేను ఎలా ఉంటుందో నాకు దెలీమాయే చెప్పింది, నవ్వుతూ, ఒకసారి: ఎర్రగా, గట్టిగా, రెండు పక్కలా నొక్కినట్టు పల్చగా ఉంటుందట, వేళ్ల మధ్య నలిపినా చావదు, రెండు గోళ్లతో నొక్కాలట. ఇది అలా లేదు. బూడిదరంగు. బియ్యపు నూకలా పొడుగ్గా, మెత్తగా ఉంది. తల మీద రెండు మీసాలు. వేలితో ఒత్తితే మరకైపోయింది. రెండోదాన్ని బోర్లా తిప్పాను. పొట్ట కింద సన్నటి పంగలకర్ర లాంటిది మడిచి దాచుకుంది. అది విప్పి నేలని తన్నితే ఎగురుతుంది. కాళ్లతో ఎగరదు, తోకతో ఎగురుతుంది! చూస్తుండగానే తన్నింది, భూతద్దం పక్కనుంచి పోయింది.

గంటసేపు కూర్చున్నట్టున్నాను. పిన్ని పిలిచినా వినపడలేదు.

ఏప్రిల్ 30, బుధవారం

లైబ్రరీలో వ్యవసాయశాఖ వాళ్లు పంచిన పల్చటి పుస్తకం ఉంది, ఇంటి పురుగుల మీద. ఎవరూ తీసినట్టు లేదు, మడతగా అతికి ఉన్న పేజీలు కూడా కోయలేదు. నేనే కోశాను. పద్దెనిమిదో పేజీలో అదే బొమ్మ, అదే పంగలకర్ర. మార్చిలో మంచు మీద మిరియాల పొడి చల్లినట్టు కనిపిస్తాయే, మంచుపేలు అంటాం, వాటి చుట్టాలట ఇవి. కుట్టవు. కుట్టడానికి నోరే లేదు. ఏ కుక్క మీదా, ఏ మనిషి మీదా బతకవు. చెమ్మ ఉన్నచోట బూజు తిని బతుకుతాయి. మందు అక్కర్లేదు. "తడి ఆరితే చచ్చిపోతాయి" అని ఒక్క వాక్యం.

తడి ఆరితే. పిన్ని రోజుకి రెండుసార్లు ఇల్లు కడుగుతోంది.

మే 1, గురువారం

చెమ్మ ఎక్కణ్నుంచి మొదలైందో చూద్దామని ఉతుకుగది వెనక్కి వెళ్లి పొట్టుకట్టలో మోచేతి దాకా చెయ్యి పెట్టాను. లోపల వెచ్చగా, బాగా నానిన తవుడులా ఉంది. గుప్పెడు తీసి తెల్ల కాగితం మీద వేశాను. కాగితం అంతా పురుగులు పాకాయి.

నెల్లాళ్ల వాన అంతా బాబాయి కట్ట తాగింది. పక్కిళ్ల వాళ్లు విప్పేశారు కాబట్టి వాళ్లకి లేదు.

మే 3, శనివారం

ఊహ అనిపించుకోకూడదని నల్ల కాగితాలు తడిపి నాలుగు గదుల్లో పెట్టాను. పొద్దున్న లెక్క: ఉతుకుగదిలో నలభై ఒకటి. వంటింట్లో ఇరవై మూడు. ముందు గదిలో తొమ్మిది. రెండు వారాలుగా చీపురు కూడా తగలని నా గదిలో సున్నా.

ఇంత ఆనందం లెక్కల్లో ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు.

మే 4, ఆదివారం

పాపసంకీర్తనంలో నా అబద్ధం ఫాదర్‌కి చెప్పాను. ఫాదర్ మూడు జపాలు చెప్పమన్నారు. చెప్పాను. తేలికపడలేదు.

మే 5, సోమవారం

చెప్పాలి. పొద్దున్న బాబాయి కాఫీ తాగుతుంటే నోరు తెరిచాను. "ఏంటమ్మా?" అన్నాడు. "చక్కెర కావాలా?" అన్నాను. మధ్యాహ్నం పిన్ని బకెట్టు మోసుకెళ్తుంటే దారిలో నిలబడ్డాను. "పక్కకి జరుగు, జారతావు," అంది. రాత్రి అంతా కాగితం మీద రాసి బాబాయి కంచం కింద పెట్టాను. ఆయన అడుగుల చప్పుడు వినగానే తీసి పొయ్యిలో వేశాను.

మే 6, మంగళవారం

చెప్పేశాను.

బల్ల మీద పిన్ని చేతి ప్లోయ్‌లు, బక్‌వీట్ పిండితో పోసిన అట్లు. బాబాయి వాటి మీద మొలాసిస్ పాకం పోసుకుంటున్నాడు. నేను నల్ల కాగితాలూ, పుస్తకమూ బల్ల మీద పెట్టాను. చేతులు తొడల కింద పెట్టుకుని చెప్పాను. కుక్కపేలు కావు, కుట్టవు, తడి వల్ల వచ్చాయి, కడగడం మానెయ్యాలి, కట్ట తియ్యాలి.

బాబాయి ఒక నల్ల కాగితం దగ్గరికి లాక్కుని చూశాడు.

"కుట్టవా?" అన్నాడు బాబాయి. "మరి నేను మూడు వారాలుగా గోక్కుంటున్నది ఏంటి?"

"ఊహ."

"ఊహకి ఇంత దురదా!"

పిన్ని అట్లకాడ కింద పెట్టింది. "అంటే మురికిగా ఉంచుకుంటే పోతాయంటావు. ఇల్లు కడిగితే పురుగులొస్తాయా? మీ కాన్వెంటులో ఇదే నేర్పారా? మా అమ్మ వింటే గోరీలోంచి లేచొస్తుంది."

"మురికిగా కాదు పిన్నీ, పొడిగా."

"పైగా తప్పంతా నా కట్ట మీద పెట్టింది!" బాబాయి మెల్లగా ఎర్రబడ్డాడు. "ముప్పై ఏళ్లుగా కడుతున్నాను. దానికి వంక పెట్టినవాడు ఈ లోయలోనే లేడు. పండగ దాటనీ, తీస్తాను. ఒక్కరోజు ముందు కూడా తియ్యను."

"దెలీమా కుక్కల వల్ల కాదు," అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

"అయితే నువ్వు చూసింది ఏంటి?" అంది పిన్ని.

లేచి వచ్చేశాను. సగం చెబితే చెప్పినట్టు కాదని తెలుసు.

మే 9, శుక్రవారం

కడగడం తగ్గింది. వంటింట్లో కాగితం మీద పదకొండు.

దెలీమా మొగుడు సొంత పొయ్యి కర్రలు అమ్ముకుంటున్నాడని బాబాయి చెప్పాడు, వచ్చే చలికాలానికి దాచుకున్నవి. చెప్పి, ఎందుకు చెప్పానా అన్నట్టు చూశాడు.

మే 10, శనివారం

పొద్దున్న ఏడింటికి పార తీసుకుని బయటికి వెళ్లాను.

ఆ గంటకి దారిలో అందరూ ఉంటారు. పాలు తెచ్చేవాళ్లు, పొలాల్లో బంగాళాదుంపలు వెయ్యడానికి వెళ్లేవాళ్లు. ప్రతివాడూ ఆగి చూశాడు. "ఏమ్మా, మీ బాబాయి పోయాడా?" అని ఒకడు. "లేదు, ఇప్పుడు పోతాడు, ఇది చూసి," అని ఇంకొకడు. నేను తల ఎత్తలేదు. పలకలు ఊడదీసి, తడి పొట్టు తోడి వెనక్కి వేస్తూనే ఉన్నాను. పొట్టు పెద్ద బరువు. చెవులు కాలిపోతున్నాయి.

బాబాయి బనీనుతో వచ్చాడు. తిడతాడనుకున్నాను. నా వెనక నిలబడి, పొట్టు తీసేసిన చోట ఇంటి అడుగు దూలం కేసి చూస్తున్నాడు. వంగి బొటనవేలితో నొక్కాడు. వేలు కణుపుదాకా దిగింది, మెత్తబడ్డ వెన్నలో దిగినట్టు.

మళ్లీ ఒక జానెడు పక్కన నొక్కాడు. అక్కడా దిగింది.

వేలు పంట్లానికి తుడుచుకున్నాడు. దారిలో వాళ్లు మెడలు చాచి చూశారు.

"ఇంకో రెండేళ్లు ఇలాగే ఉంటే ఉతుకుగది కుంగిపోయేది," అన్నాడు. నాతో కాదు, దూలంతో. తర్వాత, "ఇలా తే. పార పట్టుకోవడం కూడా రాదు నీకు," అని నా చేతిలోంచి తీసుకున్నాడు.

పన్నెండింటికల్లా నాలుగు వైపులా అయిపోయింది. పిన్ని కిటికీలన్నీ తెరిచింది. ఇల్లంతా పచ్చి చెక్క వాసన, ఎండ. చేతులకి బొబ్బలు. నాకు ఎంత బావుందో.

మే 11, ఆదివారం

పిన్నికి చెప్పాను. వంటింట్లో, ఇద్దరమే ఉన్నప్పుడు. బుట్ట మీద ఏమీ లేదు పిన్నీ, ఊరికే తల ఊపాను.

పిన్ని కంచం తుడుస్తోంది. తుడిచిందే తుడుస్తోంది.

"నువ్వు ఊపింది తల," అంది చివరికి. "ఊళ్లో చెప్పిన నోరు నాది."

మే 12, సోమవారం

ఉతుకుడు రోజు. దెలీమా ఆరున్నరకి రాలేదు కాబట్టి నేనే ఆరున్నరకి ఆమె ఇంటికి బయల్దేరాను.

కుక్కలు మూడూ పరిగెత్తుకొచ్చి నా పావడా వాసన చూశాయి. దెలీమా గుమ్మంలో నిలబడి ఉంది. లోపలికి రమ్మనలేదు.

"జాగ్రత్తమ్మా, అంటుకుంటాయి," అంది.

దారంతా తయారు చేసుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. "నేను అబద్ధం చెప్పాను," అన్నాను. "బుట్ట మీద ఏమీ లేదు. చూశానని తల ఊపాను."

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"ఆ బుట్ట నాది కాబట్టి." కుక్కని కాలితో పక్కకి తోసింది. "ఎందుకు ఊపావు? నేను నీకేం చేశాను?"

"ఏమీ చెయ్యలేదు. పిన్ని అడిగింది. భయమేసింది."

"రొసిల్డాకి భయపడ్డావా? చిన్నప్పుడు అది కప్పని చూసి బల్ల ఎక్కేది! మేమిద్దరం ఒకే రోజు గుళ్లో తొలి సత్ప్రసాదం తీసుకున్నాం, తెలుసా? నా ముసుగు జారిపోతుంటే అదే పట్టుకుంది, మోకాళ్ల మీద ఉన్నంతసేపూ." కాస్త ఆగింది. "సరే, అవి కుక్కపేలు కాకపోతే ఏంటి?"

చెప్పాను. తోక కింద పంగలకర్ర సంగతి చెప్పేసరికి గుమ్మం మెట్టు మీద కూర్చుంది. పక్కన నన్నూ కూర్చోమంది. కట్ట సంగతి, దూలం సంగతి, పిన్ని కడిగిన కొద్దీ పెరిగిన సంగతి. అక్కడ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. నవ్వు అయిపోయాక కూడా తుడుచుకుంటూనే ఉంది.

"మంచుపేల చుట్టాలా! ముప్పై ఏళ్లు పనిచేసిన నేను పరాయిదాన్ని, అవి మీ ఇంటి చుట్టాలు."

"మళ్లీ రండి," అన్నాను. "పిన్ని కూడా..."

"ఆగు. నువ్వు వచ్చి నా చెవిలో చెప్పావు, మంచిదే. కానీ నా పేరు పాడైంది నా చెవిలో కాదే పిల్లా. ఎక్కడ పాడైందో అక్కడ చెప్పు. అదొకటి. రెండోది, గురువారం పండగ. పండగ రోజు నేను పనిచెయ్యను. చుట్టంలా వస్తాను. ముందు తలుపులోంచి. మీ పిన్నికి ఇష్టమైతే తీసి ఉంచమను."

మా వైపు ఏ ఇంట్లోనూ ఎవరూ ముందు తలుపు వాడరు. ఫాదర్ వస్తే, శవం వెళితే, అంతే. మా తలుపైతే తాతగారు పోయినప్పటి నుంచీ తెరవలేదు.

మే 13, మంగళవారం

పదిన్నరకి ఉత్తరాల బస్తా వస్తుంది, ఊళ్లో ఆడవాళ్లందరూ పోస్టాఫీసులోనే ఉంటారు. అందుకే పదిన్నరకి వెళ్లాను. గుమ్మం దగ్గర రెండుసార్లు వెనక్కి తిరిగాను. మూడోసారి లోపల ఎవరో "ఏ, చలి వస్తోంది, వస్తే రా, పోతే పో," అన్నారు.

"మదామ్ దెషెన్, ఒక మాట," అన్నాను.

అందరూ తిరిగారు. నేను మాట్లాడటం వాళ్లకి వింత.

"దెలీమా బుట్ట మీద నేను ఏమీ చూడలేదు. చూశానన్నది అబద్ధం. మా ఇంట్లోవి కుక్కపేలు కావు. మా ఇంటి చెమ్మకి పుట్టినవి. మా ఇంటివే."

మదామ్ దెషెన్ ముద్ర వేసే చెయ్యి గాల్లోనే ఆగింది. ఇద్దరు ముగ్గురు శిలువ గుర్తు వేసుకున్నారు. తర్వాత ఒకామె, "చెమ్మకా? సన్నగా, బూడిదలాగా?" అంది గొంతు తగ్గించి. "మా నేలమాళిగలోనూ ఉన్నాయి. ఎవరికీ చెప్పలేదు." ఇంకొకామె, "కడిగితే పెరుగుతున్నాయి కదూ?" నిమిషంలో ముగ్గురి ఇళ్లలో తేలాయి. మదామ్ దెషెన్ గబగబా ఉత్తరాలు సర్దింది. "నాకు ముందునుంచీ అనుమానమే," అంది, "దెలీమా అలాంటిది కాదని."

ఎవరూ నవ్వలేదు. తర్వాత అందరూ నవ్వారు, ఆమెని చూసి. సందు దొరికితే చాలని బయటికొచ్చాను.

పిన్ని గుమ్మంలో ఉంది. ఊళ్లో మాట నాకంటే ముందే ఇల్లు చేరింది. కోటు వేసుకుని తాను కూడా పోస్టాఫీసు వైపు వెళ్లింది. అరగంటకి వచ్చింది. ఏం చెప్పిందో నాకు చెప్పలేదు.

మే 14, బుధవారం

ఉతుకుగది: సున్నా. వంటిల్లు: రెండు. ముందు గది: సున్నా.

ముందు తలుపు ఉబ్బి బిగిసిపోయింది. బాబాయి గడియకి నూనె రాశాడు, అంచు చిత్రిక పట్టాడు, భుజంతో తోశాడు. రాలేదు. "రేపు పండగ, రేపు చెయ్యకూడదు, ఇవాళే రావాలి ఇది," అంటూ వెనక్కి అడుగులేసి పరిగెత్తుకొచ్చి తోశాడు. తలుపుతో పాటు తనూ వెళ్లి మెట్ల మీద పడ్డాడు. దారిలో పోయేవాళ్లు, "ఎల్జేయార్, నీ ఇంట్లోంచి నువ్వే బయటపడలేకపోతున్నావా?" అన్నారు.

మే 15, గురువారం. మోక్షారోహణ పండగ

పదకొండింటికి వచ్చింది. గుడికి వేసుకునే నల్ల కోటు, ఈకల టోపీ. ముందు మెట్ల మీద నిలబడి, తలుపు బార్లా తెరిచి ఉన్నా, తట్టింది.

పిన్ని వెళ్లింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పిన్ని నోరు తెరిచింది, మూసింది. నాకా తంటా బాగా తెలుసు. నేను చెప్పాల్సింది నేను చెప్పాను, ఇది ఆమెది.

"దెలీమా," అంది. "నాదే తప్పు. లోపలికి రా."

ముందు గదిలో ఎవరూ కూర్చోని సోఫా మీద దెలీమా కోటుతోనే కూర్చుంది. పిన్ని మంచి కప్పుల్లో టీ తెచ్చింది. నది గురించి, బంగాళాదుంపల గురించి, ఈ ఏడాది వానల గురించి మాట్లాడుకున్నారు. బాబాయి నూనె మరకల చేతులు వెనక్కి దాచుకుని నిలబడ్డాడు. మధ్యలో దెలీమా నన్ను అడిగింది, ఆ కిటికీ దగ్గర ఆవిడ ఏమైందని. ఉత్తరం వచ్చిందన్నాను. "అబ్బ," అంది. "ఏం రాశాడు?" చెప్పాను, అందరి ముందూ, మొదటినుంచి చివరిదాకా. పిన్ని కూడా టీ చల్లారబెట్టుకుని విన్నది. మూడు చోట్ల అడ్డు తగిలింది.

పన్నెండు దాటాక దెలీమా లేచింది. "సోమవారం వస్తాను," అంది, "వెనక తలుపులోంచే. ఈ మెట్లు ఎత్తు, బట్టల బుట్టతో ఎక్కలేను."

వచ్చిన తలుపులోంచే వెళ్లింది. కోటు బొత్తాలు పెట్టుకుంటూ, దారిలో అందరికీ కనిపించేలా, తాపీగా.

బాబాయి తలుపు మూయబోయాడు. గాలి చల్లగానే ఉంది.

"ఉండనీండి," అంది పిన్ని కప్పులు తీస్తూ, ఎవరి వైపూ చూడకుండా. "ఇల్లు ఆరాలన్నారుగా."